పట్టుపురుగు ప్యూపాలపై కార్డిసెప్స్ పెంపకం: వరంగల్ ప్రాంతంలో ఎలా చేయాలి

కార్డిసెప్స్ అనగానే చాలామందికి హిమాలయాల్లో దొరికే, కిలో లక్షల రూపాయలు పలికే కీడా జడీ గుర్తుకు వస్తుంది. మీరు పెంచబోయేది అది కాదు. కీడా జడీ శాస్త్రీయ నామం ఒఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్. అది టిబెట్ పీఠభూమిలోనూ, ఉత్తరాఖండ్‌లోని పిథోరాగఢ్ వంటి జిల్లాల ఎత్తైన పచ్చిక మైదానాల్లోనూ, నేల లోపల బతికే ఒక రకం చిమ్మెట గొంగళిపురుగును పట్టుకుని పెరుగుతుంది. అతిగా తవ్వుకుపోవడం వల్ల దాని నిల్వలు తరిగిపోవడంతో 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. మన గదుల్లో పెంచగలిగేది దాని దూరపు బంధువైన కార్డిసెప్స్ మిలిటారిస్. సన్నని నారింజ రంగు కాడలుగా పెరిగే ఈ శిలీంధ్రం అడవిలో సహజంగానే చిమ్మెటల ప్యూపాలపై (గొంగళిపురుగు చిమ్మెటగా మారే మధ్య దశ) వస్తుంది కనుక పట్టుపురుగు ప్యూపా దీనికి చక్కగా సరిపోతుంది. ఎక్కువగా పరిశోధన జరిగిన కార్డిసెపిన్ అనే పదార్థాన్ని 1950లో వేరుచేసింది కూడా ఈ మిలిటారిస్ నుంచే. అందువల్ల ఎవరైనా హిమాలయ కీడా జడీ విత్తనమని చెప్పి సీసా చేతిలో పెడితే, వారికి విషయం తెలియదని గాని, మీకు తెలియదని వారు అనుకుంటున్నారని గాని భావించవచ్చు.

ఈ పనిలో శిలీంధ్రాన్ని పెంచడం పెద్ద కష్టం కాదు. దానితోపాటు మరేదీ పెరగకుండా చూడటం, బయట ఎండ ఎంత ఉన్నా గదిని 20 డిగ్రీల దగ్గర రెండు నెలలపాటు నిలపడం, ఈ రెండే కష్టం. కింద చెప్పిన ప్రతి జాగ్రత్తా ఈ రెండింటిలో ఏదో ఒకదాని కోసమే.

మొదట చోటు విషయం

మీరు పట్టు రైతులైతే, లేదా మీ పక్కింటివారు పట్టుపురుగులు పెంచుతుంటే, ఈ పనిని పురుగుల షెడ్డులో గాని, దాని పక్క గదిలో గాని పెట్టకూడదు. పురుగులకు సోకే శిలీంధ్రాన్ని పురుగుల దగ్గరే పెంచడం ఎవరికీ మంచిది కాదు. రెండు చోట్లా ఒకే మనిషి పనిచేయవలసి వస్తే, ఉదయం పురుగుల పని ముగించుకుని ఆ తరువాతే కల్చర్ గదిలోకి, అంటే శిలీంధ్రాన్ని పెంచే గదిలోకి, వెళ్లాలి. అక్కడి నుంచి తిరిగి షెడ్డుకు వెళ్లాలంటే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి.

దీనికి అనుబంధంగా ఒక హెచ్చరిక ఉంది. పట్టుపురుగులు సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడి చనిపోయే సున్నపుకట్టు రోగానికి కారణం బ్యువేరియా బాసియానా అనే మరో శిలీంధ్రం. ఒక సూక్ష్మజీవి వల్ల జంతువుకు రోగం వస్తుందని ఇటలీకి చెందిన అగొస్తీనో బాసి 1835లో నిరూపించింది ఈ రోగం మీదనే. ఆ శిలీంధ్రానికి ఆయన పేరే పెట్టారు. చైనా, కొరియా సంప్రదాయ వైద్యాల్లో ఈ రోగంతో గట్టిపడిన పురుగులను కూడా మందుగా వాడతారు కాబట్టి, దాన్నీ పెంచి చూద్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది. పట్టు పెంపకం సాగే జనగామ, సిద్దిపేట వంటి ప్రాంతాల్లో ఆ పని అస్సలు చేయవద్దు. దాని సిద్ధబీజాలు గాలిలో తేలికగా వ్యాపిస్తాయి, ఒక షెడ్డుకు చేరితే ఆ పంట మీద ఆశ వదులుకోవలసిందే.

గది, కాలం

పదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న గది ప్రారంభానికి చాలు. పై అంతస్తు గది, పడమటి గోడకు ఎండ తగిలే గది వద్దు. స్లాబు వేడెక్కితే ఏసీ రాత్రింబగళ్లు ఆగకుండా తిరగవలసి వస్తుంది. గోడలకు, పైకప్పుకు థర్మకోల్ షీట్లు అమర్చి, వాటిపై కడగడానికి వీలైన ప్లాస్టిక్ షీటు వేయించండి. ఏసీ గదిని చల్లబరిచేటప్పుడు గాలిలోని తేమను కూడా లాగేస్తుంది కాబట్టి హ్యూమిడిఫైయర్ తప్పనిసరి. దానిలో బోరు నీరు పోయకండి. మన బోరు నీటిలోని లవణాలు పొగమంచుతోపాటు గాలిలోకి లేచి, అరలపైనా సీసాల మూతలపైనా తెల్లటి పొడిగా పేరుకుంటాయి. ఆర్‌ఓ నీరు గాని, డిస్టిల్డ్ వాటర్ గాని వాడాలి. ఏసీ ఫిల్టరును వారానికోసారి తీసి కడగడం మరవకండి, ఎందుకంటే ఒక సీసాలో బూజు పడితే దాని సిద్ధబీజాలను గదంతా పంచేది ఆ ఫిల్టరే.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఖర్చును నిర్ణయించే ప్రశ్న. మే నెలలో వరంగల్, మంచిర్యాల, రామగుండం వైపు ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ రోజుల్లో రెండు గంటలు కరెంటు పోతే చాలు, కాడలు వాడి గోధుమ రంగుకు తిరుగుతాయి. వానాకాలంలో వేడి తగ్గినా గాలి నిండా బూజు సిద్ధబీజాలుంటాయి. బతుకమ్మ, దసరా సందడి ముగిశాక మొదటి విడత పెడితే సంక్రాంతి లోపే కోత చేతికి వస్తుంది. ఆ రోజుల్లో రాత్రి చలి మీకు తోడుంటుంది, మల్బరీ గూళ్ల నాణ్యత కూడా బాగుంటుంది. జనరేటర్ గాని, పెద్ద ఇన్వర్టర్ గాని లేనివారు ఏప్రిల్, మే, జూన్ నెలల్లో గదిని కడిగి, ఆరబెట్టి, తాళం వేసి ఉంచడమే మేలని నా అభిప్రాయం.

కల్చర్

కల్చర్‌ను, అంటే విత్తనంలా వాడే శుద్ధమైన శిలీంధ్రాన్ని, పరిశోధనా సంస్థ నుంచే తెచ్చుకోండి. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో భారతీయ వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన పుట్టగొడుగుల పరిశోధన డైరెక్టరేట్ ఉంది. సూక్ష్మజీవుల కల్చర్లను భద్రపరిచే జాతీయ భాండాగారం చండీగఢ్‌లో ఉంది. రాసి అడిగి, ఏ రకం కల్చర్ ఉంది, అది కాడలు వేసే రకమేనా అని నిర్ధారించుకున్న తరువాతే డబ్బు కట్టండి. స్థానికంగా కాకతీయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర, మైక్రోబయాలజీ విభాగాల్లో గాని, వరంగల్ వ్యవసాయ పరిశోధనా స్థానంలో గాని తెలిసినవారు ఉంటే, కల్చర్‌ను ఒకసారి మైక్రోస్కోపు కింద చూసి పెట్టమని అడగడానికి మొహమాటపడవద్దు.

మిలిటారిస్‌కు ఒక పెద్ద బలహీనత ఉంది. అగార్ (శిలీంధ్రం పెరిగే జెల్లీ) పోసిన ఒక ప్లేటు నుంచి మరో ప్లేటుకు మార్చుతూ పోయిన కొద్దీ అది నీరసించి, తెల్లటి నూలుగా మాత్రమే పరుచుకుని కాడలు వేయడం మానేస్తుంది. తెచ్చిన వెంటనే ఆ మూల కల్చర్ నుంచి పది పన్నెండు అగార్ ట్యూబులు చేసుకుని, నాలుగు డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ ఫ్రిజ్‌లో పాలు, కూరగాయలు పెట్టకూడదు. ప్రతి విడతకూ ఒక ట్యూబు తెరవండి, మూడు నాలుగు తరాలకు మించి మార్చకండి. కల్చర్ బలం తెలుసుకునే సులభమైన పరీక్ష ఏమిటంటే, చీకట్లో తెల్లగా పరుచుకున్న ప్లేటును రెండు మూడు రోజులు వెలుతురులో ఉంచాలి. ఆరోగ్యంగా ఉన్నది పసుపు మీదుగా నారింజకు తిరుగుతుంది. తెల్లగానే మిగిలిపోతే దాన్ని నమ్ముకుని ప్యూపాలు కొనకండి.

ద్రవ కల్చర్ తయారుచేయడానికి, 200 గ్రాముల బంగాళాదుంపను ముక్కలు చేసి ఉడకబెట్టి వడకట్టిన నీటిని లీటరుకు సరిచేసి, అందులో 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 5 గ్రాముల పెప్టోన్ కలపండి. ఫ్లాస్కుల్లో సగానికి తక్కువే పోసి, దూదితో మూసి, పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టి, 15 పౌండ్ల ఆవిరి పీడనం వద్ద 20 నిమిషాలు శుద్ధి చేయండి, అంటే లోపలి సూక్ష్మజీవులన్నీ చావాలి. చల్లారాక ప్లేటు నుంచి చిన్న అగార్ ముక్కలు నాలుగైదు వేసి, 22 డిగ్రీల వద్ద షేకర్ మీద ఐదు నుంచి ఏడు రోజులు తిప్పాలి. మంచి కల్చర్‌లో చిన్న చిన్న తెల్లటి ఉండలు తేలుతూ, వాటి మధ్య ద్రవం తేటగా ఉంటుంది, పుట్టగొడుగు వాసన వస్తుంది. ద్రవం మొత్తం పాలలా మసకబారి పుల్లటి వాసన వస్తే అది బ్యాక్టీరియా, పారబోయవలసిందే.

ముందు బియ్యంపై చేయి తిప్పుకోండి

ప్యూపాలోకి సూదితో ద్రవ కల్చర్ ఎక్కించే ముందు కనీసం ఒక విడత బియ్యంపై పెంచి చూడండి. గది, వెలుతురు, తేమ, మీ చేతి శుభ్రత అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తక్కువ ఖర్చులో ఇక్కడే తేలిపోతుంది. పట్టుపురుగు ఇక్కడ కూడా పొడి రూపంలో పనికి వస్తుంది.

పాలిష్ పట్టని దంపుడు బియ్యం తీసుకోండి, అది కూడా దొడ్డు రకం. సన్నబియ్యం తినడానికి రుచి గాని, సీసాలో మెత్తబడి ముద్దకడుతుంది, ముద్దలోకి గాలి పోదు. అర లీటరు గాజు సీసాలో 30 గ్రాముల బియ్యం, ఒకటిన్నర గ్రాముల ప్యూపా పొడి వేసి, 45 మిల్లీలీటర్ల పోషక ద్రావణం పోయాలి. ద్రావణంలో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజ్, 5 గ్రాముల పెప్టోన్, 5 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ఒక గ్రాము పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, అర గ్రాము మెగ్నీషియం సల్ఫేట్ ఉండాలి. ప్యూపా పొడిని తాజా ప్యూపాల నుంచే చేసుకోవాలి. వాటిలో కొవ్వు ఎక్కువ కనుక నిలవ ఉన్నది కమురు వాసన వేస్తుంది. 60 డిగ్రీల వద్ద పెళుసుగా ఎండబెట్టి, పొడి చేసి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో దాచండి.

సీసాలను 15 పౌండ్ల పీడనం వద్ద గంటసేపు శుద్ధి చేయాలి. ఆటోక్లేవ్ (ఆవిరి పీడనంతో శుద్ధి చేసే యంత్రం) లేకపోతే పెద్ద ప్రెషర్ కుక్కర్‌తో పని జరుగుతుంది. అయితే మొదటి ఆవిరిని కొన్ని నిమిషాలు పూర్తిగా బయటికి పోనిచ్చిన తరువాతే వెయిట్ పెట్టాలి. లోపల గాలి మిగిలిపోతే పీడనం వచ్చినా వేడి చాలదు. మంట తగ్గించి గంట లెక్కపెట్టండి, అడుగున నీళ్లు ఇంకిపోకుండా ముందే సరిపడా పోసుకోండి. తీసి చూసినప్పుడు బియ్యం పులిహోరకు వండిన అన్నంలా మెతుకు మెతుకుగా విడివడి ఉండాలి, అడుగున నీరు నిలవకూడదు.

చల్లారిన సీసాల్లో ద్రవ కల్చర్ మూడు నుంచి ఐదు మిల్లీలీటర్ల చొప్పున వేయాలి. లామినార్ ఫ్లో బెంచీ (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే బల్ల) ఉంటే సరే. లేకపోతే పెద్ద పారదర్శక ప్లాస్టిక్ టబ్బును బోర్లించి, రెండు చేతులకు రంధ్రాలు చేసుకుని, అందులో పని చేయవచ్చు. పని మొదలుపెట్టడానికి అరగంట ముందే ఏసీ, ఫ్యాను రెండూ ఆపాలి. లోపలి గోడలను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆవిరి పూర్తిగా పోయే వరకు ఆగిన తరువాతే స్పిరిట్ దీపం వెలిగించండి. మూసిన పెట్టెలో స్పిరిట్ ఆవిరి ఉండగా నిప్పు పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ప్యూపాలను ఎంచుకోవడం

అసలైన పని ఇక్కడ మొదలవుతుంది. రీలింగ్ యూనిట్ల (గూళ్ల నుంచి దారం తీసే చోట్ల) దగ్గర ఉడికించిన ప్యూపాలు కుప్పలుగా దొరుకుతాయి, కానీ సూది పద్ధతికి అవి పనికిరావు. ఈ పద్ధతికి బతికి ఉన్న ప్యూపా కావాలి. వేడిగాలిలో ఎండబెట్టిన గూళ్లు కూడా వద్దు, పచ్చి గూళ్లే అడగాలి. అయితే మంచి గూడును కోస్తే దారం తెగి పట్టు విలువ పోతుంది. కాబట్టి తెలివైన దారి ఏమిటంటే, రీలింగ్‌కు పనికిరావని ఏరి పక్కన పెట్టే జంట గూళ్లను కొనడం. రెండు పురుగులు కలిసి అల్లిన ఆ గూడులో దారాలు చిక్కుపడి ఉంటాయి గాని, లోపలి ప్యూపాలు రెండూ సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాయి, ధర కూడా తక్కువ. పట్టు విత్తనోత్పత్తి కేంద్రాల్లో ఆడ, మగ ప్యూపాలను వేరుచేయడానికి గూళ్లను ఎలాగూ కోస్తారు. అక్కడ మిగిలిపోయే మగ ప్యూపాల కోసం అడిగి చూడవచ్చు.

మరక పడిన గూడు, ఊపితే శబ్దం రాని గూడు, చిన్న రంధ్రం ఉన్న గూడు తీసుకోకండి. రంధ్రం ఉందంటే ఊజీ ఈగ పిల్లపురుగు లోపల తిని బయటికి వచ్చిందని అర్థం. గూడు పైభాగాన్ని బ్లేడుతో పలుచగా, ప్యూపాకు తగలకుండా కోసి, అరచేతిలోకి మెల్లగా జార్చండి. మంచి ప్యూపా తేనె రంగులో నిగనిగలాడుతూ, వేలితో తాకగానే తోక వైపు కడుపును అటూ ఇటూ తిప్పుతుంది. మరీ పాలిపోయి మెత్తగా ఉంటే అప్పుడే చర్మం విడిచిందని గుర్తు, ఒకటి రెండు రోజులు ఆగండి. కళ్లు నల్లబడి, రెక్కల గుర్తులు ముదిరి ఉంటే చిమ్మెట బయటికి రావడానికి సిద్ధంగా ఉందని, సమయం మించిపోయిందని అర్థం. ప్యూపా దశ మొత్తం పది పన్నెండు రోజులే, అందులో గూళ్లు మీ చేతికి వచ్చేసరికే కొన్ని గడిచిపోతాయి. కనుక ద్రవ కల్చర్ సిద్ధమైన తరువాతే గూళ్లకు వెళ్లాలి.

మహదేవపూర్, చెన్నూరు వైపువారు దసలి కాయల్లోని ప్యూపాల గురించి అడుగుతుంటారు. మద్ది చెట్లపై పెరిగే దసలి పురుగు ప్యూపా మల్బరీ దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, కాబట్టి ఆశ కలగడం సహజమే. కానీ దసలి కాయలను సోడా కలిపి ఉడికిస్తేగాని దారం రాదు, ఆ ఉడికించిన ప్యూపాల్లో సోడా ఉంటుంది. వాటిని పొడికి కూడా వాడకండి. బతికున్న దసలి ప్యూపాలు విత్తనానికి విలువైనవి, వాటిని విత్తనానికే వదలాలి.

సూది వేయడం

ప్యూపాలను 70 శాతం ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచి తీసి, శుద్ధి చేసిన నీటిలో కడిగి, శుద్ధి చేసిన కాగితంపై ఆరనివ్వండి. ఎక్కువసేపు ముంచితే పక్కల ఉండే శ్వాసరంధ్రాల ద్వారా ఆల్కహాల్ లోపలికి పోయి ప్యూపా చనిపోతుంది.

ద్రవ కల్చర్‌లోని ఉండలు సూదిలో అడ్డుపడతాయి. అందువల్ల శుద్ధి చేసిన దూదిని గరాటు మెడలో వదులుగా ఉంచి వడకట్టండి. కంటికి కనిపించని చిన్న కణాలు ద్రవంతోపాటు కిందికి దిగుతాయి, మీకు కావలసింది అవే. మందుల దుకాణంలో దొరికే ఇన్సులిన్ సిరంజి ఈ పనికి బాగా పనికివస్తుంది, కానీ దాని మీది గీతలను సరిగ్గా చదవాలి. మన దగ్గర ఎక్కువగా దొరికే ఎర్రమూత 40 యూనిట్ల సిరంజిలో నాలుగు గీతలు అంటే మిల్లీలీటరులో పదో వంతు. 100 యూనిట్ల సిరంజి అయితే అదే కొలతకు పది యూనిట్ల గుర్తు వరకు లాగాలి. ఒక్కో ప్యూపాకు ఆ పదో వంతు మిల్లీలీటరు చాలు.

ప్యూపాను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా పట్టుకుంటే కడుపు భాగంలోని వలయాల మధ్య పలుచని పొర కనిపిస్తుంది. పక్క వైపు, ఆ పొర గుండా సూదిని తల వైపు వాలుగా, చర్మం కిందనే ఉండేటట్టు కొద్దిగా మాత్రమే దించాలి. నిటారుగా గుచ్చితే పేగు చీలుతుంది. పేగులోని సూక్ష్మజీవులు లోపలే వ్యాపించి, శిలీంధ్రం నిలదొక్కుకోకముందే ప్యూపాను కుళ్లబెడతాయి. వీపు మధ్యగీత వెంబడి గుండె గొట్టం ఉంటుంది కాబట్టి అక్కడ కూడా గుచ్చకండి. ద్రవం లోపలికి పోయాక ఒక క్షణం ఆగి సూదిని మెల్లగా తీస్తే, రంధ్రం దగ్గర తేట పసుపు చుక్క ఒకటి వచ్చి ఆగిపోతుంది. అది ధారగా కారితే ఎక్కువ పోసినట్టు, గోధుమ రంగులో వస్తే పేగు తగిలినట్టు లెక్క. అలాంటిదాన్ని అప్పుడే పక్కన పెట్టండి. ప్రతి ప్యూపా తరువాత సూదిని స్పిరిట్ దూదితో తుడవాలి, ఇరవై ముప్పైకి ఒకసారి సిరంజి మార్చాలి. వాడిన సూదులను మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి, ఆసుపత్రి వ్యర్థాలతో పంపండి.

ప్రతి విడతలోనూ ఒక పది ప్యూపాలకు కల్చర్ లేకుండా శుద్ధి చేసిన నీటిని మాత్రమే ఎక్కించండి, మరో పదింటిని ఏమీ చేయకుండా వదలండి. నీరు ఎక్కించినవి కూడా నల్లబడి కుళ్లితే తప్పు కల్చర్‌ది కాదు, మీ సూదిది గాని చేతిది గాని. ఏమీ చేయనివి కూడా చనిపోతే గూళ్లే రోగంతో వచ్చాయన్నమాట. ఈ ఇరవై ప్యూపాల ఖర్చుకు వెనుకాడితే ఆ తరువాత ఏ నష్టానికీ కారణం తెలియదు.

చీకటి రోజులు, వెలుతురు రోజులు

సూది వేసిన ప్యూపాలను ఒకదానికొకటి తగలకుండా శుద్ధి చేసిన ట్రేల్లో పరిచి, 20 నుంచి 22 డిగ్రీల వద్ద చీకట్లో ఉంచాలి. మొదటి రెండు రోజులూ అవి తాకితే కదులుతూనే ఉంటాయి, తరువాత కదలిక ఆగుతుంది. వారం పది రోజులకు మంచి ప్యూపా గట్టిపడుతుంది. చిమటాతో తట్టితే టక్కుమని ఎండిన గింజ శబ్దం వస్తుంది, వలయాల మధ్య నుంచి తెల్లటి నూలు తొంగిచూస్తుంది. అదే విజయ లక్షణం. రోజూ రెండు పూటలా ట్రేలను చూసి, మెత్తబడి నల్లగా నీరు కారేవాటిని వెంటనే తీసేయండి.

గట్టిపడినవాటిని తడి ఆరని, మూత ఉన్న పెట్టెల్లోకి మార్చి, 18 నుంచి 22 డిగ్రీలు, 90 శాతం తేమ, రోజుకు 12 గంటల వెలుతురు ఇవ్వాలి. బియ్యం సీసాలను కూడా ముందు అలాగే చీకట్లో ఉంచి, పైభాగమంతా తెల్లగా కమ్ముకున్నాక ఇదే గదిలోకి మార్చాలి. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు సరిపోతాయి, సీసా దగ్గర 500 నుంచి 1000 లక్స్ ఉంటే చాలు. కాడలు వెలుతురు వైపు వంగుతాయి కాబట్టి దీపాలు పైనుంచే ఉండాలి. పగలు 22, రాత్రి 18 డిగ్రీలుగా తేడా పెడితే మొగ్గలు త్వరగా తలెత్తుతాయి.

మొగ్గలు కనిపించేవరకు మూత తీయకండి. కనిపించాక మాత్రం గాలి మార్పిడి కావాలి, లేకపోతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని కాడల బదులు తెల్లటి నూలు పైకి ఉబుకుతుంది. సీసాలకు ప్లాస్టిక్ పొర కట్టి ఉంటే దానికి నాలుగైదు సూది రంధ్రాలు పెట్టండి. నీటిని కాడలపై నేరుగా చల్లకండి. గదిలో పొగమంచు చాలు.

ఆకుపచ్చ, నలుపు బూజు కనిపించిన సీసాను గదిలో తెరవవద్దు. మూతతోనే కుక్కర్‌లో వేసి శుద్ధి చేసిన తరువాతే పారవేయండి. బూజు పట్టిన మేర గీకి మిగిలినది ఎండబెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. పసుపు కలిసిన ఆకుపచ్చ ఆస్పర్‌జిల్లస్ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది గీకితే పోయేది కాదు. మందుగా తినే వస్తువు విషయంలో ఈ కక్కుర్తి పనికిరాదు.

కోత, ఎండబెట్టడం, అమ్మకం

మొత్తం 50 నుంచి 60 రోజులకు కాడలు కోతకు వస్తాయి. బియ్యంపై ఆరేడు సెంటీమీటర్లు, ప్యూపాపై అంతకంటే పొట్టిగా ఉంటాయి. కాడ కొసలు ఉబ్బి, వాటిపై చిన్న చిన్న చుక్కలు ముదురు రంగులో స్పష్టంగా కనిపించినప్పుడు కోయాలి, ఇంకా ఆగితే సిద్ధబీజాలు రాలి అరలన్నిటిపైనా పొడిగా పేరుకుంటాయి. ఈ పని చేసేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. ఎండలో ఆరబెట్టకండి, రంగు పోతుంది. 45 నుంచి 50 డిగ్రీల డ్రయ్యర్‌లో, విరిస్తే పుటుక్కున విరిగేవరకు ఎండబెట్టి, సిలికా జెల్ సంచితో గాలి చొరని డబ్బాలో చీకట్లో ఉంచండి. ప్యూపాతో సహా ఎండబెట్టేటప్పుడు పైకి ఎండినట్టు కనిపించినా లోపల తడి మిగులుతుంది. ఒకదాన్ని నడిమికి విరిచి చూసిన తరువాతే డబ్బాలో వేయండి.

మిర్చి బస్తాలను ఎనుమాముల మార్కెట్‌కు తోలి సాయంత్రానికి పైకంతో తిరిగి వచ్చినట్టు దీన్ని అమ్మలేరు. దీనికి అలాంటి మార్కెట్ లేదు, కొనేవారిని మీరే వెతుక్కోవాలి. అందుకే శిక్షణ, కిట్టు, కల్చర్ కలిపి భారీ మొత్తం తీసుకుని, పంట మొత్తం మేమే కొంటామని కాగితం రాసిచ్చేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఏ పరీక్షలో ఎంత కార్డిసెపిన్ ఉంటే కొంటారు, ఆ పరీక్ష ఖర్చు ఎవరిది, నాసిరకమని తిరస్కరిస్తే సరుకు ఎవరిది అనే మూడు విషయాలు ఆ కాగితంలో లేకపోతే సంతకం పెట్టకండి.

తినే వస్తువుగా అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ గాని, లైసెన్సు గాని ఉండాలి. పురుగుపై పెంచినదానికి ఏ నిబంధనలు వర్తిస్తాయో జిల్లా ఆహార భద్రతా అధికారిని ముందే అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. ప్యూపాతో కలిపి అమ్మేది శాకాహారం కాదు. బియ్యంపై పెంచినదానిలో కూడా ప్యూపా పొడి వాడితే కొనేవారికి చెప్పాలి. పట్టుపురుగు ప్యూపా కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది కాబట్టి ఇది మర్యాద కోసం చెప్పే మాట మాత్రమే కాదు. షుగర్ తగ్గుతుంది, క్యాన్సర్ నయమవుతుంది వంటి మాటలను ప్యాకెట్‌పై గాని వాట్సాప్‌లో గాని రాయకండి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద అవి నేరం, పైగా ప్రయోగశాలలో కణాలపై కనిపించిన ఫలితాన్ని మనిషికి చికిత్సగా చెప్పడం అబద్ధం కూడా. షుగర్ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు, అవయవ మార్పిడి తరువాత వాడే మందులు తీసుకునేవారు డాక్టరును అడగకుండా దీన్ని వాడకూడదని ప్యాకెట్‌పైనే రాయించండి.

కోత తరువాత మిగిలిన బియ్యపు గడ్డలను, కాడలు రాని ప్యూపాలను ఒకసారి కుక్కర్‌లో శుద్ధి చేసి, ఆ తరువాతే ఎరువు గుంతలో వేయండి. ఆ ఎరువును కూరగాయల మడులకు వాడుకోవచ్చు గాని, మల్బరీ తోటకు మాత్రం తోలకండి.